ఉఫ్ అన్నప్పుడే ఎత్తాలి

ఆవిడకీ ఒక పేరుంది. అది లాండ్రీ హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. బయట మాత్రం ఇరవై మూడేళ్లుగా అందరికీ ఆవిడ ఆవిరక్కే. కోపమొస్తే మొగుడు కూడా "ఏయ్ ఆవిరక్కా" అనేవాడంటే ఇంకేం చెప్పాలి!

మనిషి చూడబోతే గుప్పెడంత. పని కొండంత. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు, వంటవాళ్ల కోట్లు, అన్నీ ఆ నేలమాళిగలోకే దిగుతాయి. అక్కడ వరసగా ఎనిమిది ఇస్త్రీ ప్రెస్సులు. కింద మెత్తటి బల్ల, పైన ఇనప మూత, కాలి దగ్గర పెడల్. గుడ్డ పరిచి పెడల్ తొక్కితే మూత దబ్బున పడుతుంది, స్స్‌స్స్ మని ఆవిరి మొహం మీదికి లేస్తుంది. ఆ ఆవిరిలో సబ్బు ఘాటు, బ్లీచింగు ఘాటు, దూది నూగు, ఇంకా ఏ రోగి ఏం విడిచిపెట్టి వెళ్లాడో అదీ.

పనిలో చేరిన మొదటిరోజు, పక్క ప్రెస్సు మీద ఉండే ముసలావిడ ఒక్కటే పాఠం చెప్పింది. "పిల్లా, ముక్కు మూసుకోమని చెబుదామంటే నీ చేతులు ఖాళీ ఉండవు. ఊపిరి బిగబట్టు. తొక్కినప్పుడు బిగబట్టు, వదిలినప్పుడు పీల్చు. లేదంటే మూడేళ్లలో నాలా దగ్గుతావు."

ఆ ముసలావిడ దగ్గీ దగ్గీ పోయింది. ఆవిరక్క దగ్గలేదు. పాఠం అంత బాగా ఒంటబట్టింది. ఎంత ఒంటబట్టిందంటే, సూదిలో దారం ఎక్కించినా ఊపిరి బిగబట్టేది, బిగుసుకున్న సీసా మూత తిప్పినా బిగబట్టేది, ఆడపడుచు ఇంటికొచ్చి మాట్లాడుతున్నంతసేపూ బిగబట్టేది. ఆ ఆడపడుచు రెండు గంటలు మాట్లాడుతుంది మరి. ఈవిడ ఎలా బతికి బయటపడిందో!

ఊపిరితిత్తులు దక్కాయి కానీ నడుము పోయింది. రోజంతా ఎడమకాలి మీద కొంగలా నిలబడి కుడికాలితో తొక్కుతుంటే ఏ నడుము నిలుస్తుంది? యాభై ఏళ్లొచ్చేసరికి ఆవిరక్క ఒక పక్క గాలి తగ్గిన సైకిల్‌లా నడిచేది. పొద్దున్నే మంచం దిగి చెప్పులేసుకోవడానికి గోడ పట్టుకుని పది నిమిషాలు బతిమాలుకునేది, ఎవరిని అంటే, తన వెన్నునే.

అయినా ఆ నొప్పి ఒక్కటే అయితే చెప్పుకునే కథే లేదు. నడుము నొప్పి లేని ఆడమనిషి ఎక్కడైనా ఉందా?

ఇక మొగుడి సంగతి. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే కంపెనీలో అతను ముప్ఫై ఏళ్లు చేశాడు. నడుముకి పటకా బిగించి, ఫ్రిజ్‌ని వీపుకి కట్టుకుని నాలుగంతస్తులు ఎక్కేవాడు, మధ్యలో ఆగి మెట్ల మీద పిల్లిని పలకరించి మరీ ఎక్కేవాడు. అందుకే క్రేన్ అని పేరు పడింది. ఆరడుగుల మనిషి. ఈవిడ పక్కన నడుస్తుంటే బీరువా పక్కన గొడుగు పెట్టినట్టుండేది. పిల్లల్లేరు. ఒకరికొకరు ఉన్నారు, అదే చాలనుకున్నారు.

ఒక పొద్దున క్రేన్ పళ్లు తోముకుంటూ ఎడమపక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. ఎడమచెయ్యి, ఎడమకాలు చచ్చుపడ్డాయి. నోరు కొంచెం వంకర పోయింది కానీ మాట మిగిలింది, వెటకారం అయితే చెక్కుచెదరలేదు. "జీవితమంతా నేను మోశాను. ఇప్పుడు నువ్వు మొయ్యి. బాకీ తీర్చుకుంటున్నా," అనేవాడు.

రోజూ పొద్దున్నే మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, సాయంత్రం కుర్చీలోంచి మంచం మీదికి. అంతే పని. వినడానికి ఎంత తేలిక! తొంభై కేజీల మనిషిని నలభై ఐదు కేజీల మనిషి ఎత్తాలి. మధ్యాహ్నం కిందింటి దర్జీ వచ్చి మంచినీళ్లో టీయో ఇచ్చి, ఒంటేలుకి సీసా పట్టి, ఒక పావుగంట కబుర్లాడి పోయేవాడు. ఎత్తడం మాత్రం ఆవిరక్కదే.

మొదటి చలికాలంలో ఒకరోజు ఎత్తబోతుంటే ఆవిరక్క నడుము కలుక్కుమంది. చేతులు వదిలేశాయి. క్రేన్ మంచానికీ కుర్చీకీ మధ్య మెల్లగా జారి, నేల మీద చతికిలబడ్డాడు. ఇద్దరూ మొహాలు చూసుకుని ముందు నవ్వారు. తర్వాత దర్జీని కేకేశారు. ఆ నవ్వు అక్కడితో సరి.

డాక్టరు చెప్పాడు: వాడకం లేక ఆ పక్క ఎముకలు పలచబడ్డాయి, ఈసారి పడితే తుంటి విరుగుతుంది, విరిగితే ఇక కుర్చీ కూడా ఉండదు, మంచమే.

ఈ కబురు అందుకుని ఆడపడుచు దిగింది. క్రేన్‌కి అక్క. బడి బస్సులో పిల్లల్ని లెక్కపెట్టి ఎక్కించి, లెక్కపెట్టి దించే ఉద్యోగం చేసి రిటైరైంది. అందుకని లోకంలో అందరితోనూ వేలు ఊపుతూనే మాట్లాడుతుంది.

"చూడమ్మాయ్," అంది ఆవిరక్కతో. "నీ కష్టం నాకు కనపడకపోలేదు. కానీ మా తమ్ముడు పడ్డాడా లేదా? పడ్డాడు. ఊరవతల ఇలాంటివాళ్లని చూసుకునే హోమ్ ఉంది. ఇద్దరు మనుషులు కలిసి ఎత్తుతారు, డాక్టరు వస్తాడు. వాడి పేరు రాయించాను. ఇంకొక్కసారి పడ్డాడంటే నాకు ఫోన్ చెయ్యకు, సరాసరి వాళ్లకే చెయ్యి."

"వదినా, రెండు బస్సులు మారాలి అక్కడికి. నాకు సెలవు ఆదివారమొక్కటే."

"అయితే ఆదివారమే వెళ్లు."

కుర్చీలోంచి క్రేన్ అందుకున్నాడు. "అక్కా, నన్ను సామానులా పంపేస్తున్నావా? పంపితే పంపావు గానీ, పైన 'పగిలే వస్తువు' అని చీటీ అతికించు. లేకపోతే ఆ కుర్రాళ్లు తలకిందులుగా పెడతారు."

అక్క కళ్లు తుడుచుకుంది. కానీ మాట మార్చుకోలేదు. "ఒక్కసారే," అంది వేలెత్తి. "మాట ఇవ్వు."

ఆవిరక్క మాట ఇచ్చింది. ఇస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉంది.

లాండ్రీకి పైన, రెండో అంతస్తులో పిలాటిస్ క్లాసుంది. అది కూడా కసరత్తే, కానీ గంతులూ కేకలూ ఉండవు. చాప మీద పడుకునో కూర్చునో, నిదానంగా, ఊపిరిని చూసుకుంటూ చేస్తారు. వాళ్ల తువ్వాళ్లు మంగళ, శుక్రవారాలు ఆవిరక్కే పైకి ఇచ్చి వచ్చేది. నేర్పే టీచరమ్మ సన్నగా తీగలా ఉంటుందనుకుంటాం కదా! లేదు. గుండ్రంగా, బొద్దుగా, మా పిన్నిలా ఉంటుంది. కానీ కింద పడిన పిన్నీసు తియ్యడానికి వంగిందంటే, చీరకట్టు మడత విప్పినంత సుళువుగా వంగి, అలాగే లేస్తుంది.

ఒక మంగళవారం ఆవిరక్క తువ్వాళ్లు దించి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. టీచరమ్మ చూసింది.

"అక్కా, కాసేపు కూర్చో."

"కూర్చుంటే లేవలేను టీచరమ్మా."

"అయితే పడుకో."

ఆవిరక్క నవ్వింది. "పడుకుని చేసే పని ఉందంటే అది నాకే ఇప్పించండి. నిలబడి చేసే పనులన్నీ అయిపోయాయి." అని చాప మీద పడుకుంది. పడుకున్నాక ఎందుకో మనసు విప్పి, క్రేన్ సంగతీ వదినకిచ్చిన మాటా చెప్పేసింది.

టీచరమ్మ అంతా విని, "మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తు చూద్దాం," అంది.

ఆవిరక్క ఎత్తింది. మొహం బీట్‌రూట్ అయింది.

"ఊపిరేదక్కా?"

"లోపలే ఉందమ్మా. భద్రంగా."

"అదే నీ జబ్బు," అంది టీచరమ్మ. "మీ ఆయన ఫ్రిజ్‌లు మోసేటప్పుడు నడుముకి పటకా కట్టేవాడా?"

"కట్టేవాడు. జానెడు వెడల్పుది."

"అలాంటి పటకా నీ పొట్ట లోపల కండతో కుట్టి ఉంది, వెన్ను చుట్టూ తిరిగి. ఊపిరి వదిలితే అది బిగుస్తుంది. బిగబడితే పైపైన గట్టిగా ఉన్నట్టుంటుంది కానీ బరువంతా పోయి వెన్నుపూసల మీద కూర్చుంటుంది. నువ్వు ఇరవై మూడేళ్లుగా పటకా విప్పేసి ఫ్రిజ్ మోస్తున్నావు."

ఆవిరక్క పడుకునే ఆలోచించింది. "అంటే ఎత్తేటప్పుడు వదలాలా?"

"కొవ్వొత్తి ఆర్పినట్టు. ఉఫ్ అన్నప్పుడే ఎత్తాలి."

అలా మొదలైంది. వారానికి రెండుసార్లు భోజనాల వేళ అరగంట పైన, మిగతా రోజుల్లో ఇంట్లో. క్రేన్ మంచం పక్కనే పాత దుప్పటి నాలుగు మడతలేసి, దాని మీద. మొదటి నెల చుక్కలు కనపడ్డాయి. వీపు మీద పడుకుని వెన్నుని ఒక్కొక్క పూసగా పైకి లేపాలి, మళ్లీ ఒక్కొక్క పూసగా దించాలి, గొలుసుని నేల మీద ఆనించినట్టు. ఆవిరక్క వెన్నులో పూసలెక్కడివి? అంతా కలిపి ఒకటే దుంగ. దుంగ లేస్తే లేచేది, పడితే దబ్బున పడేది.

"కిందింటి దర్జీ పైకొస్తాడే, భూకంపమనుకుని," అనేవాడు క్రేన్ మంచం మీంచి.

ఇంకోటుంది, టీచరమ్మ దాన్ని 'వంద' అనేది. పడుకుని, తల కాస్త లేపి, చేతులు పక్కన చాచి నీళ్ల మీద తట్టినట్టు తడుతూ ఉండాలి. అయిదు తట్లకి ఊపిరి పీల్చాలి, అయిదు తట్లకి వదలాలి, అలా వంద అయ్యేదాకా. లెక్కపెట్టే ఉద్యోగం క్రేన్‌ది. ఒంటి చేత్తో మంచం పట్టీ మీద దరువేస్తూ లెక్కపెట్టేవాడు.

"ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు... ఊపిరొదులు... పీల్చిందంతా దాచుకుంటావేంటే పిసినారీ, వదులు!"

"నోర్ముయ్యవయ్యా, లెక్క తప్పుతావు."

"నా లెక్క తప్పదు. మెట్లు లెక్కపెట్టిన నోరు ఇది."

రెండో నెలలో ఒకరోజు, గోడ పట్టుకోకుండా చెప్పులేసుకున్నానని ఆవిరక్క లాండ్రీకి వెళ్లాక గుర్తుచేసుకుంది. వేసుకున్నప్పుడు తెలియలేదు. నొప్పి వచ్చేటప్పుడు డప్పు కొట్టుకుంటూ వస్తుంది కానీ పోయేటప్పుడు చెప్పాపెట్టకుండా పోతుంది. మూడో నెలకి కుడిపక్కకి తిరిగి పడుకోగలిగింది. పదేళ్లయింది అటు తిరిగి. నాలుగో నెలకి పై తీగ మీద గుడ్డలు ఆరేస్తుంటే తల తిరగడం లేదు. మెట్లెక్కితే ఆయాసం లేదు. కొంగ కాళ్లు రెండూ నేల మీదికి దిగాయి. లాండ్రీలో పక్క ప్రెస్సు వాళ్లు, "ఏంటక్కా, ఈ వయసులో పొడుగవుతున్నావు? మాకూ చెప్పు ఆ మందేంటో," అని ఆటపట్టించారు. ఇంట్లో తలుపు చట్రం మీద క్రేన్ ఎప్పుడో పెన్సిల్‌తో గీసిన గీత ఉంది, పెళ్లైన కొత్తలో "నువ్వింతే" అని గీసింది. పోయినేడు ఆ గీత తల మీద వేలెడు దూరంలో ఉండేది. ఇప్పుడు మళ్లీ తలకి తగులుతోంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఎత్తడం. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆవిరక్క అతని చంకల కింద చేతులు పోనిచ్చి, పాదాలు రెండూ సమానంగా ఆనించి, పీల్చేది. క్రేన్ కూడా పీల్చేవాడు. తర్వాత ఇద్దరూ ఒక్కసారి, "ఉఫ్!" ఆ ఉఫ్ మీదే అతను లేచేవాడు, తిరిగేవాడు, కుర్చీలో దిగేవాడు. ఎక్కడా కుదుపు లేదు.

"నా దగ్గర పనికొచ్చుంటే నిన్ను మేస్త్రీని చేసేవాణ్ణి," అన్నాడొకసారి. ముప్ఫై ఏళ్ల కాపురంలో అతను ఇచ్చిన పెద్ద కితాబు అదే.

ఏడో నెలలో వదిన వచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, పరీక్ష చూసినట్టు చూసింది. ఇద్దరూ ఉఫ్ అన్నారు. క్రేన్ కుర్చీలో పువ్వులా దిగాడు.

"మళ్లీ," అంది వదిన.

మళ్లీ చేశారు. వదిన ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "బాగానే ఉంది. నెలాఖరు దాకా చూస్తాను. ఇలాగే ఉంటే హోమ్‌లో పేరు తీయించేస్తాలే."

వదిన చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా క్రేన్ విన్నాడు. తర్వాత, "పిల్లా," అన్నాడు, "నెలాఖరు ఎన్నో తారీకే?"

"ముప్ఫై. ఇంకా పద్దెనిమిది రోజులుంది."

చూశారా, ఆశ అనేది ఎంత చెడ్డదో. అంతవరకూ వాళ్లు రోజులు లెక్కపెట్టలేదు.

ఆ వారమే అవతలి పేటలో ఇంకో లాండ్రీ బాయిలర్ పాడైంది. వాళ్ల దుప్పట్లు కూడా వీళ్ల మీద పడ్డాయి. మూలిగే నక్క మీద తాటిపండు. భోజనాల వేళ పోయింది, మంగళవారం పోయింది, శుక్రవారం పోయింది. ఆవిరక్క పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా తొక్కు, బిగబట్టు, తొక్కు, బిగబట్టు. ఇంటికొచ్చి దుప్పటి పరిచి 'వంద' మొదలుపెడితే నలభై దగ్గరే కళ్లు మూతలు పడేవి. క్రేన్ లెక్క ఆపేసి ఊరుకునేవాడు.

టీచరమ్మ మెట్ల మీద ఎదురుపడింది. "అక్కా, రావట్లేదేం? మానకు. కొత్త అలవాటు వయసు ఏడు నెలలు. పాతదాని వయసు ఇరవై మూడేళ్లు. చిన్నదాన్ని పస్తుపెడితే పెద్దదే పెత్తనం చేస్తుంది."

"ఈ దుప్పట్లు అయిపోనివ్వండి టీచరమ్మా. ముప్ఫయ్యో తారీకు దాటనివ్వండి."

ఇరవై ఆరో తారీకు, పొద్దున్న. ఆవిరక్కకి ఆలస్యమైంది. రోజూ క్రేన్‌ని కుర్చీలో దించాకే టీ కెటిల్ పొయ్యి మీద పెట్టేది. అది ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదు, అలా జరిగిపోయేదంతే. ఆ వేళ మాత్రం, 'ఈలోగా నీళ్లు కాగుతాయి, నాలుగు నిమిషాలు కలిసొస్తాయి' అని ముందే పెట్టింది. వంటిల్లు అంటే ఎక్కడో కాదు, మంచానికి ఆరడుగుల దూరంలో.

చంకల కింద చేతులు పోనిచ్చింది. పాదాలు ఆనించింది. పీల్చింది. క్రేన్ పీల్చాడు.

"ఉ..." అన్నాడు క్రేన్.

సరిగ్గా అప్పుడు కెటిల్ మూతి లోంచి ఆవిరి లేచింది. స్స్‌స్స్.

అంతే. ఆవిరక్క గొంతు బిరడా వేసినట్టు మూసుకుపోయింది. తను మూయలేదు. అదే మూసుకుంది. ఊపిరి లోపల ఆగిపోయింది, లోపలి పటకా విడిపోయింది, ఎడమకాలు కొంగకాలైంది, కుడికాలు తనంతట తను ముందుకెళ్లి నేలని గట్టిగా తొక్కింది. ఆరడుగుల మనిషి చేతుల్లో ఉండగా, గాలిలో లేచిన ఆ మనిషి బరువంతా ఒంటికాలి మీదికి ఒరిగింది. మంచానికీ కుర్చీకీ మధ్య ఈసారి జారడం లేదు. పడటమే. ముందు క్రేన్, అతని మీద ఆవిరక్క.

ఎండుపుల్ల విరిగినట్టు ఒక చప్పుడైంది. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు.

కెటిల్ మాత్రం దర్జీ పైకొచ్చి పొయ్యి ఆర్పేదాకా అలా బుసకొడుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు ఇద్దర్నీ చూశాడు. క్రేన్‌కి తుంటి విరిగింది. ఆవిరక్కని అటు తిప్పి, ఇటు వంచి, వేళ్లతో వెన్నంతా నొక్కి ఆశ్చర్యపోయాడు. "అంత బరువు చేతుల్లో ఉండి పడ్డారు, చిన్న బెణుకు కూడా లేదు. మీ వెన్ను చాలా గట్టిదమ్మా. ఏం చేస్తారేంటి?"

ఆవిరక్క పమిట సర్దుకుని లేచింది. అంతకన్నా పెద్ద తిట్టు ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు.

వదిన వచ్చింది. అరుస్తుందనుకుంది ఆవిరక్క. అరిస్తే బాగుండేది. వదిన మెల్లగా పక్కన కూర్చుని, వేలు కూడా ఎత్తకుండా, "ఫోన్ నువ్వు చేస్తావా, నేను చెయ్యనా?" అంది.

"మాట ఇచ్చింది నేను," అంది ఆవిరక్క. తనే చేసింది.

టీచరమ్మ నేలమాళిగలోకి దిగొచ్చింది, మొదటిసారి. ప్రెస్సుల మధ్య, ఆ ఆవిరిలో నిలబడి చూసింది. అక్కడ స్స్ మన్నప్పుడల్లా ఎనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారి ఊపిరి బిగబట్టడం, ఒక్కసారి పీల్చడం.

"నాదే తప్పు అక్కా. ఒక్కసారైనా కిందికొచ్చి చూడాల్సింది."

"మీరు నేర్పిందాంట్లో తప్పు లేదమ్మా," అంది ఆవిరక్క, ప్రెస్సు ఆపకుండానే. "నా కాలు పెడల్ తొక్కింది. అక్కడ పెడల్ లేదు. అంతే." గుడ్డ పరిచింది, తొక్కింది, బిగబట్టింది, వదిలింది. "ఇల్లు వేరు, పని వేరు అనుకుంటాం. ఈ ఒంటికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?"

టీచరమ్మ ఇంకేదో చెప్పబోయి, ఆవిరి తగిలి దగ్గుకుంటూ పైకి వెళ్లిపోయింది.

కసరత్తు మానేసిందనుకుంటున్నారా? మానలేదు. ఎందుకు చేస్తోందో ఆవిరక్కకీ తెలియదు. పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది, ఎత్తడానికి మనిషి లేడు, దుప్పటి అక్కడే ఉంది. మొదటిరోజు 'వంద' తనే లెక్కపెట్టుకుంది. ఎంతకీ అవదే! అరవై తొమ్మిది, డెబ్భై, డెబ్భై ఒకటి... డెబ్భైలు అనుకుంటుంటే నోటికి కొత్తగా ఉన్నాయి. అప్పుడు ఆగిపోయింది. ఏడు నెలల్లో క్రేన్ నోటి వెంట డెబ్భై అనే మాట వినలేదు తను. అరవై తొమ్మిది తర్వాత సరాసరి ఎనభై అనేవాడు. పెళ్లాం అలసిపోతుందని, రోజూ పది తట్లు దొంగతనం చేసి ఇచ్చాడు. "నా లెక్క తప్పదు" అని చెప్పి మరీ.

ఆ దుప్పటి మీద అలాగే పడుకుని ఏడ్చింది. ఏడుస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టడం కుదరదు, ఆ ఒక్కటే కుదరదు.

ఆదివారాలు రెండు బస్సులు మారి వెళ్తుంది. హోమ్ శుభ్రంగానే ఉంటుంది. పొడుగు గది, పన్నెండు మంచాలు, కిటికీ అవతల కార్లు నిలిపే ఖాళీ స్థలం. చెడ్డవాళ్లెవరూ లేరు. చెడ్డవాళ్లుంటే పోట్లాడొచ్చు. అక్కడున్నది ఇద్దరు ఓపికైన కుర్రాళ్లు, చేతినిండా పని. కింద బట్ట వేసి, రెండు వైపులా పట్టుకుని ఎత్తుతారు, పక్క మార్చి దించుతారు, తర్వాతి మంచానికి పోతారు.

మొదటి ఆదివారం క్రేన్ వాళ్లకి పాఠం చెబుతున్నాడు. "మూలలు పట్టుకోండ్రా! మధ్యలో పట్టుకుంటే అద్దం బీరువా అయినా సరే విరుగుతుంది." కుర్రాళ్లు నవ్వారు. ఎత్తారు. ఎత్తగానే క్రేన్, "ఉఫ్!" అన్నాడు.

ఒక కుర్రాడు జేబులోంచి కలం తీసి, మంచానికి వేలాడే కాగితం మీద ఏదో రాశాడు.

"ఏం రాశావు నాయనా?" అంది ఆవిరక్క.

"కదిపితే నొప్పి అని అమ్మా. ఎత్తినప్పుడల్లా మూలుగుతున్నాడు కదా. మాత్ర పెంచుతారు."

"అది మూలుగు కాదు బాబూ. ఉఫ్ అన్నప్పుడే ఎత్తాలి, అందుకని..." అని మొదలుపెట్టి, ఊపిరీ పటకా అంతా చెప్పుకొచ్చింది. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు, తలూపాడు. పక్క మంచం వాళ్లు పిలిస్తే వెళ్లాడు. తర్వాతి ఆదివారానికి వేరే కుర్రాడు వచ్చాడు. కాగితం మీది రాత మాత్రం అక్కడే ఉంది. మాత్ర పెరిగింది.

మాత్ర పెరిగేకొద్దీ మగత పెరిగి, క్రేన్ తగ్గాడు. మూడో ఆదివారం మూలలు పట్టుకోమనలేదు. అయిదో ఆదివారం, "నెలాఖరు ఎన్నో తారీకే?" అన్నాడు. ఆవిరక్క చెప్పింది. ఏ నెల అని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. వదిన కూడా ఒకరోజు వచ్చి, తమ్ముడి మొహం చూసి, బయట వరండాలో నిలబడి మంచాల్ని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు లెక్కపెట్టుకుంది.

"అమ్మాయ్, నేను చేసింది తప్పా?" అంది.

"కాదు వదినా."

"అయితే ఎవరు చేసింది?"

ఆవిరక్క ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు.

మొన్నటి ఆదివారం వెళ్లేసరికి క్రేన్ కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు. పక్క మార్చే వేళకి కుర్రాళ్లు వచ్చారు. ఆవిరక్క లేచి కుర్చీ వెనక్కి జరుపుకుని, పాదాలు రెండూ సమానంగా ఆనించి నిలబడింది. నిటారుగా. కుర్రాళ్లు బట్ట అంచులు పట్టుకున్నారు. ఆవిరక్క పీల్చింది. క్రేన్ వైపు చూసింది. అతని ఛాతీ ఎలా ఉందో అలాగే ఉంది, చిన్నగా, పైపైన.

ఎత్తారు.

గదిలో "ఉఫ్" అని వినపడింది. ఒక్క గొంతే.

కుర్రాడు క్రేన్ మొహం వంక చూశాడు, తర్వాత ఆవిరక్క వంక తిరిగాడు. మంచి కుర్రాడు. కలం కూడా బయటికి తీశాడు. "మీకూ ఎక్కడైనా నొప్పిగా ఉందా అమ్మా?"

ఆవిరక్క వెన్ను తడిమి చూసుకుంది. మెడ దగ్గర్నుంచి కిందిదాకా, పూసపూసా. ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ అంత బాగా లేదు.

"లేదు బాబూ," అంది. "నాకెక్కడా నొప్పి లేదు."